ధరావతు గల్లంతు

‘ఊరు, వాడ, అద్దె ఇల్లు’ వ్యాసాలు – 9వ భాగం



కిందటి భాగంలో ఇళ్ల పట్టాల గురించి రాస్తే చాలామంది ఒకటే అడిగారు: “మేస్టారూ, పట్టా ఉన్నవాళ్ల కథ సరే. అద్దె కొంపల్లో బతుకుతున్నవాళ్లం, మా సంగతేంటి?” న్యాయమైన ప్రశ్న. అందుకే ఈ భాగం అద్దె ఇంటి అడ్వాన్సు గురించి. ఇల్లు ఖాళీ చేసిన రోజున ఆ డబ్బు ఎందుకు వెనక్కి రాదు, దాని మీద ఓనరుకి ఉన్న హక్కెంత, లేని హక్కెంత, లేని హక్కుని లేదని చెప్పడానికి మనకి నోరెందుకు రాదు అన్నదే ఇక్కడి చర్చ. కొంచెం పొడుగ్గా ఉంటుంది. ఓపిగ్గా చదవండి.

‘ధరావతు గల్లంతు’ అనే మాట మన పత్రికల్లో ఎన్నికలప్పుడే కనిపిస్తుంది. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు కూడా రాని అభ్యర్థి కట్టిన డబ్బు ప్రభుత్వానికి పోతుంది. అక్కడ ధరావతు ఎంత కట్టాలో, ఎప్పుడు పోతుందో, ఎప్పుడు తిరిగి ఇవ్వాలో అన్నీ చట్టంలో ముందే రాసి ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థి అయితే అందులో సగం కడితే చాలు. ఎన్నికల్లో ఓడినవాడికి కూడా ఇంత లెక్క ఉంది. మన అద్దె ఇళ్లలో ధరావతు పోగొట్టుకోవడానికి పోటీ చెయ్యక్కర్లేదు, ఓడిపోనక్కర్లేదు. సామాన్లు ఆటోలో ఎక్కిస్తే చాలు. సగం కట్టే సదుపాయం మాట దేవుడెరుగు, కులం తెలిస్తే ఇంకో నెలది ఎక్కువ అడుగుతారు.

1. ఒక మాటకి రెండు చరిత్రలు

నేను తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి మాట దగ్గర మొదలుపెడతాను. ఇంటికి నెలనెలా కట్టేదాన్ని కోస్తాలో అద్దె అంటాం. రాయలసీమలో బాడుగ, తెలంగాణలో కిరాయి. మూడు ప్రాంతాలకి మూడు మాటలున్నాయి. కానీ ముందుగా కట్టేదానికి మాత్రం శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా ఒకటే మాట: అడ్వాన్సు. ధరావతు అన్నది పత్రికల మాటగానే మిగిలిపోయింది.

ఈ అడ్వాన్సు అనే మాట దళితులకీ గిరిజనులకీ అద్దె ఇళ్లతో పరిచయమైంది కాదు. అంతకు చాలా ముందే తెలుసు. భూస్వామి దగ్గర ఏడాదికి పాలేరుగా కుదిరేవాడు ముందుగా కొంత డబ్బో గింజలో తీసుకునేవాడు. మా ఉత్తరాంధ్రలో అతన్ని కంబారి అనేవారు. కూతురి పెళ్లికో, తండ్రి చావు ఖర్చుకో తీసుకున్న ఆ డబ్బు ఏడాది తిరిగేసరికి తీరేది కాదు. తీరకపోతే మళ్లీ ఏడాది. లెక్క భూస్వామి పుస్తకంలో ఉండేది. చదవడం రానివాడి అప్పు చదువొచ్చినవాడి చేతిలో పెరిగేది. తండ్రి పోతే కొడుకు వచ్చి పశువుల కొట్టంలో నిలబడేవాడు.

నర్సీపట్నం నుంచి చింతపల్లి, గూడెం కొండలకి దారి. ఆ కొండల్లో, అటు కోరాపుట్ దాకా పరచుకున్న పాత విశాఖ ఏజెన్సీలో దీనికి ‘గొత్తి’ అని పేరు. అప్పు తీసుకున్న గిరిజనుడు షావుకారుకి గొత్తిగా ఉండిపోయేవాడు. అది ఎంత ముదిరిందంటే, 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల కోసం ప్రత్యేకంగా అప్పు వెట్టి మీద ఒక రెగ్యులేషన్ తేవాల్సి వచ్చింది. వలస ప్రభుత్వానికే కన్ను తెరవక తప్పలేదంటే లోపల సంగతి ఎలా ఉండేదో ఊహించుకోండి.

1976లో దేశమంతటికీ వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. ఎప్పుడైనా దాని నిర్వచనాల భాగం తెరిచి చూడండి. అందులో మొట్టమొదట నిర్వచించిన మాట ‘అడ్వాన్సు’. వెట్టి అంటే ఏమిటో చెప్పే ముందు అడ్వాన్సు అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది. ఎందుకంటే వెట్టికి తలుపు అదే.

ఇప్పుడు రెండో చరిత్ర చూడండి. అదే మాట, అదే డబ్బు, చేతులు మాత్రం మారాయి. ఇప్పుడు లేనివాడు ముందుగా ఇస్తున్నాడు, ఉన్నవాడు పుచ్చుకుంటున్నాడు. మనం పుచ్చుకున్న అడ్వాన్సుకి వడ్డీ ఉండేది, గడువు ఉండేది, ఒళ్లు విరిగే చాకిరీ ఉండేది. మన దగ్గర పుచ్చుకున్న అడ్వాన్సుకి వడ్డీ లేదు, రసీదు లేదు, తిరిగిచ్చే తారీఖు లేదు. అప్పుడూ పుస్తకం వాళ్ల చేతిలోనే ఉంది, ఇప్పుడూ లెక్క వాళ్లే రాస్తారు. మన పద్దు ఎటువైపున్నా తేలేది మాత్రం మనమే బాకీ అని.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే. అడ్వాన్సు ఓనరు దగ్గర ఉన్న మన డబ్బు. ఆయన దగ్గర ఉన్నంత మాత్రాన ఆయనది అయిపోదు. దాన్ని తిరిగి అడగడం దేబిరించడం కాదు, పేచీ కాదు. లెక్క అడగడం.

2. 1976, ఆ తర్వాత పట్నం

అదే 1976లో మన రాష్ట్రంలో ఇంకో చట్టం వచ్చింది. వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవాళ్లు ఎవరి భూమిలో గుడిసె వేసుకుని ఉంటున్నారో ఆ ఇంటి జాగా మీద వాళ్లకే హక్కు కల్పించే చట్టం. ఇలాంటి చట్టం అవసరమైందంటే అర్థం ఏమిటి? తరతరాలుగా ఉంటున్న ఇల్లు కూడా మనది కాదని. గుడిసె మనం వేసుకున్నా కింద నేల దొరది. ఎదురు తిరిగితే పొలంలో పనీ పోతుంది, తల మీద కప్పూ పోతుంది. అద్దె అని పేరు లేకపోయినా అది అద్దె ఇల్లే. అద్దె డబ్బుల్లో కాకుండా పనిలో, విధేయతలో కట్టేవాళ్లం.

అందుకే చదువుకున్న మొదటి తరం ఊరు వదిలి పట్నం వచ్చింది. అంబేడ్కర్ చెప్పిన దారి కూడా అదే. 1985లో కారంచేడు మారణకాండ తర్వాత అక్కడి మాదిగలు ఊరు విడిచి చీరాల చేరి అక్కడే నిలబడ్డారు. అంత నెత్తురు చూడకపోయినా, ఉద్యోగం కోసం, పిల్లల చదువు కోసం వాడ నుంచి బయటికొచ్చిన ప్రతి కుటుంబం పట్నంలో మొదట చూసింది ఒక్కటే: టు-లెట్ బోర్డు.

నర్సీపట్నం అలాంటి పట్నం. డివిజన్ కేంద్రం. ఆస్పత్రి, కోర్టులు, కాలేజీలు, బస్ కాంప్లెక్సు ఉన్నాయి. ఏజెన్సీలో పని చేసే టీచర్లు, నర్సులు, అటవీ శాఖ ఉద్యోగులు కుటుంబాలని ఇక్కడ ఉంచి తాము కొండెక్కి దిగుతుంటారు. కొండల నుంచి చదువుకోడానికి దిగిన పిల్లలు నలుగురైదుగురు కలిసి ఒక గది తీసుకుంటారు. వీళ్లలో మనవాళ్లు ఎంతమందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఇంత పెద్ద అద్దె బజారు నడుస్తున్నా అడ్వాన్సుకి రసీదు ఇచ్చే ఓనరు వెతికినా దొరకడు.

3. ఒక నెల అద్దెకి మించి తీసుకోకూడదన్న చట్టం

చాలామందికి తెలియని సంగతి చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్నాలు కిక్కిరిసిపోయి ఓనర్లు ఇష్టమొచ్చినట్టు అద్దెలు పెంచేస్తుంటే ప్రభుత్వాలు అద్దె నియంత్రణ మొదలుపెట్టాయి. ఆంధ్ర ప్రాంతానికి 1949 నాటి మద్రాసు చట్టం, తెలంగాణకి 1954 నాటి హైదరాబాదు చట్టం ఉండేవి. రాష్ట్రాలు కలిశాక రెంటినీ ఒకటి చేసి 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల అద్దె నియంత్రణ చట్టం చేశారు.

ఆ చట్టం 7వ సెక్షన్ ఏం చెప్పిందో వినండి. ఓనరు ఒక నెల అద్దెకి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. పగిడీ అనో, గుడ్‌విల్ అనో ఇంకే పేరుతోనూ పై డబ్బు గుంజకూడదు. తీసుకుంటే తిరిగి ఇచ్చెయ్యాలి, లేదా అద్దెకున్నవాడు కోరినట్టు సర్దాలి. దీనికి విరుద్ధంగా అగ్రిమెంటులో ఏం రాసుకున్నా చెల్లదు.

గూడూరులో మోడరన్ హోటల్ అని ఒక హోటలు. అద్దె బకాయి పడిందని ఓనర్లు దాన్ని ఖాళీ చేయించబోయారు. హోటలు తరఫు వాదన చిన్నది: మా అడ్వాన్సు చట్టం ఒప్పుకున్నదానికంటే ఎక్కువ మీ దగ్గరే మూలుగుతోంది, ఇంక మేం బకాయి ఎలా అవుతాం? ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1989లో కోర్టు హోటలు మాటే నిజమంది. తీసుకోకూడని డబ్బు చేతిలో పెట్టుకుని అవతలివాణ్ణి బకాయిదారు అనడం కుదరదంది. గూడూరు బజారులో పుట్టిన తగాదా దేశం మొత్తానికి నజీరు అయింది. మన తెలుగువాళ్లు గెలిచిన కేసు మనకే తెలియదు.

మరి ఆ చట్టం నర్సీపట్నంలో మనల్ని ఎందుకు కాపాడలేదు? అది ముఖ్యంగా నగరాలకీ మున్సిపాలిటీలకీ వర్తించే చట్టం. మన ఊరు చాలా ఏళ్లు పంచాయతీగానే ఉంది. 2010 తర్వాత మున్సిపాలిటీ అయ్యేసరికి ఇంకోటి జరిగిపోయింది. 2005 సవరణతో నెల అద్దె కార్పొరేషన్లలో 3,500, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన ఇళ్లని ఆ చట్టం నుంచి తప్పించేశారు. ఇవాళ నర్సీపట్నంలో 2,000 రూపాయలకి ఒక గది కూడా రాదు. చట్టం ఉన్నప్పుడు మన ఊరు లెక్కలో లేదు, మన ఊరు లెక్కలోకొచ్చేసరికి మన అద్దె చట్టం దాటిపోయింది.

తర్వాత 2017లో ఆంధ్రప్రదేశ్ కొత్త అద్దె చట్టం చేసుకుంది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకి పంపింది. నివాసపు ఇంటికి రెండు నెలల అద్దెకి, వ్యాపార స్థలానికి ఆరు నెలల అద్దెకి మించి డిపాజిట్ తీసుకోకూడదని, ఇల్లు స్వాధీనం చేసుకునేటప్పుడే న్యాయంగా రావాల్సింది పట్టుకుని మిగతాది తిరిగివ్వాలని అందులో ఉంది. గమనించారా? 1960లో ఒక నెల అన్నది అరవై ఏళ్లకి రెండు నెలలైంది. కాలం ముందుకి పోయింది, మన రక్షణ వెనక్కి వచ్చింది.

అయినా అద్దె చట్టాలు ఒక్కటే మన ఆయుధం కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ఏ ఊరికైనా వర్తిస్తాయి. వాటి సంగతి చీటీ దగ్గర చెబుతాను.

4. “మీ ఇంటిపేరేంటండీ?”

తెలుగులో వంశం పేరుని ‘ఇంటిపేరు’ అంటాం. సొంత ఇల్లు లేనివాడికీ ఇంటిపేరు ఉంటుంది. ఇల్లు అద్దెకి అడగడానికి వెళ్లినప్పుడు ఆ ఇంటిపేరే అడుగుతారు. దాంతో తేలకపోతే “ఏ ఊరు, ఊళ్లో ఎటువైపు” అంటారు. ఇంకా తేలకపోతే “మీరేవిట్లు?” అని సూటిగా వచ్చేస్తారు. వెజ్జా నాన్‌వెజ్జా అన్నది ఇదే ప్రశ్నకి కొత్త చొక్కా.

1917లో కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చిన అంబేడ్కర్ బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరడానికి వెళ్లి ఉండటానికి చోటు కోసం తిరిగారు. హిందూ హోటల్లో దొరకదని తెలుసు. ఒక పార్సీ సత్రంలో, పార్సీ పేరు రాయించి, రోజుకి రూపాయిన్నర ఇచ్చేలా ఒప్పుకుని దిగారు. పదకొండో రోజున కర్రలు పట్టుకున్న డజను మంది పార్సీలు గది ముందుకొచ్చి సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. వారం గడువు అడిగితే ఇవ్వలేదు. తెలిసిన ఇద్దరు స్నేహితులు, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు, ఏదో వంక చెప్పి తప్పుకున్నారు. కామాటీబాగ్ తోటలో కూర్చుని, రాత్రి రైలెక్కి బొంబాయి వెళ్లిపోయారు. ఆయన అద్దె బాకీ లేరు. సత్రానికి ఏ నష్టమూ చెయ్యలేదు. ఆయన ఉండటమే నష్టం అని వాళ్లు లెక్క కట్టారు. ఈ ‘ఉండటమే నష్టం’ అన్న మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

అది వందేళ్ల కిందటి మాట అనుకోవద్దు. సుఖదేవ్ థోరట్, ఆయన సహ పరిశోధకులు ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ల మీద చేసిన అధ్యయనం 2015లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. అగ్రకులస్తులు, దళితులు, ముస్లింల తరఫున ఒకే రకం ఇళ్ల కోసం అడిగించారు. అగ్రకులం పేరుకి దాదాపు అందరూ సరేనన్నారు. దళితుల్లో 18 శాతం మందికి మొహం మీదే లేదన్నారు. ముస్లింలకి అది 31 శాతం. ఇంకో 23 శాతం దళితులకి ఇస్తాం కానీ అని అదనపు షరతులు పెట్టారు. లేదన్నవాడి వివక్ష అందరికీ కనిపిస్తుంది. ఆ ‘కానీ’ మాత్రం కనిపించదు. అది ఎక్కువ అద్దెగా, ఎక్కువ అడ్వాన్సుగా మారి అగ్రిమెంటులో అంకె అయిపోతుంది. అంకెకి కులం ఉండదని మనం నమ్ముతాం.

నిజానికి దీన్ని నేరం అని చట్టం ఎప్పుడో అంది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. దాన్నే 1976లో, మళ్లీ అదే ఏడాది, పౌరహక్కుల రక్షణ చట్టంగా మార్చారు. దాని 4వ సెక్షన్‌లో దారులు, బావులు, శ్మశానాలతో పాటు ఇంకోటి ఉంది: ఏ ప్రాంతంలోనైనా నివాసపు ఇల్లు కట్టుకోవడాన్ని, పొందడాన్ని, అందులో ఉండటాన్ని అంటరానితనం పేరుతో అడ్డుకోవడం నేరం. అడ్డుకున్నది ఎస్సీలనైతే, అది అంటరానితనం వల్లే అని కోర్టు ముందుగా అనుకోవాలని, కాదని రుజువు చేసుకునే భారం అవతలివాడిదని 12వ సెక్షన్ చెబుతుంది. డెబ్బై ఏళ్లుగా ఉన్న ఈ మాట ఒక్క టు-లెట్ బోర్డు మీద కూడా నీడ పడనియ్యలేదు.

5. ఒక చీటీని చదవడం

ఇప్పుడు నా దగ్గరున్న ఒక చీటీ. ఓనరు పేరు, వీధి రాయను. ఆయన్ని బోనెక్కించడం నా ఉద్దేశం కాదు, ఆ చీటీని పాఠంలా చదవడమే.

నర్సీపట్నంలో రెండు బెడ్‌రూముల పోర్షను. అద్దె 9,000, అడ్వాన్సు మూడు నెలలది, 27,000. రెండేళ్ల పైన ఉన్నాం. ఒక్క నెల అద్దె ఆగలేదు. దిగేటప్పుడు మా ఇంటిపేరు ఆయనకి అందలేదు. ఒక ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతి సభలో నేను మాట్లాడిన ఫోటో ఎవరో ఆయనకి చూపించారు. ఆ తర్వాత మోటారు నీళ్లు ఇచ్చే టైము మారింది, మెట్ల మీద పలకరింపు ఆగింది, తర్వాత వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది: “మేస్టారూ, మా తమ్ముడి వాళ్లు వస్తున్నారు, నెలాఖరుకి ఖాళీ చెయ్యండి.” చేశాం. తాళాలిచ్చిన రోజు చేతిలో ఒక కవరు పెట్టారు. లోపల 1,360 రూపాయలు, ఒక చీటీ.

పెయింటింగు 12,000. ఇల్లు కడిగింపు, పుణ్యాహవాచనం 4,000. నోటీసు లేకుండా ఖాళీ చేసినందుకు నెల అద్దె 9,000. కరెంటు బిల్లు 640. మొత్తం 25,640.

“లెక్క లెక్కే కదండీ మేస్టారూ” అన్నారు.

సరే, లెక్కే చూద్దాం.

కరెంటు బిల్లు 640. ఆఖరి నెల మేం వాడుకున్నదే. ఇది మాది.

నోటీసు సొమ్ము 9,000. అగ్రిమెంటు ప్రకారం ఖాళీ చేసేవాళ్లు నెల ముందు చెప్పాలి. కానీ ఖాళీ చెయ్యమన్నది ఆయన. తను వెళ్లమని, వెళ్లినందుకు తనే జరిమానా వేస్తే అది ఏ లెక్కా కాదు. ఆ వాట్సాప్ మెసేజ్ ఒక్కటే దీనికి జవాబు.

పెయింటింగు 12,000. ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ అద్దెకున్నవాడి బాధ్యత చెబుతుంది. తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా అప్పజెప్పాలి, అయితే మామూలు వాడకంలో వచ్చే అరుగుదల, మనిషి చేతిలో లేని విపత్తు ఇందులోకి రావు. రెండేళ్లలో సున్నం వెలవడం అరుగుదల. గోడకి పెద్ద కన్నం పెడితే నష్టం. మొదటిదానికి ఓనరు అద్దె పుచ్చుకున్నాడు, అద్దె అంటేనే ఆ వాడకానికి ఇచ్చే ధర. రెండోదానికి ఆయన రుజువు చూపించాలి. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కూడా అంతే. అగ్రిమెంటులో ఎంత జరిమానా రాసినా న్యాయమైన పరిహారమే దక్కుతుంది. జరగని నష్టానికి పరిహారం లేదని, ముందుగా కట్టిన డబ్బు మింగేయడానికి లేదని సుప్రీంకోర్టు 2015లో కైలాష్‌నాథ్ కేసులో మళ్లీ గట్టిగా చెప్పింది.

ఇక రెండో పద్దు, 4,000. తెలుగు చదువుకున్నవాణ్ణి కాబట్టి ఆ మాట దగ్గర ఆగిపోయాను. పుణ్యాహవాచనం అంటే మైలపడ్డ చోటుని మంత్రజలం చల్లి శుద్ధి చేసుకునే క్రతువు. పురుడు తర్వాత, చావు తర్వాత చేయించుకుంటారు. మా ఇంట్లో ఆ రెండేళ్లలో పురుడూ లేదు, చావూ లేదు. ఉన్నది మేమే. బరోడాలో అంబేడ్కర్ ఉండటం నష్టమైతే కర్రలతో వచ్చారు. నర్సీపట్నంలో మేం ఉండటం నష్టమైతే బిల్లు వేశారు. ఆ బిల్లు మా డబ్బుతోనే కట్టించారు. మమ్మల్ని అంటరానివాళ్లని చేసే క్రతువుకి దక్షిణ మేమే ఇవ్వాలన్నమాట!

చాలామంది హితులు “పోనీలెద్దూ, నాలుగు వేలకి ఎందుకు గొడవ, మళ్లీ ఇదే ఊళ్లో ఇల్లు దొరకాలి కదా” అన్నారు. వాళ్ల భయం నిజమైనదే. కానీ పన్నెండు వేలు వదిలేస్తే డబ్బు వదిలేసినట్టు. ఈ నాలుగు వేలు వదిలేస్తే మా వల్ల ఇల్లు మైలపడిందని సంతకం పెట్టినట్టు. అందుకే వదల్లేదు.

చీటీకి జవాబు ఒక పేజీలో రాసి, పద్దు పద్దుకీ కారణం చెప్పి, అందినట్టు సంతకం వచ్చేలా పోస్టులో పంపాను. పదిహేను రోజులు గడువిచ్చాను. ఉలుకూ పలుకూ లేదు. న్యాయ సేవల కమిటీకి అర్జీ పెట్టాను. మొదటి వాయిదాకి ఆయన రాలేదు. రెండోదానికి వచ్చారు. “ఈ పుణ్యాహవాచనం ఎందుకండీ?” అని అడిగితే కాసేపు నేల చూసి “అది తీసెయ్యండి” అన్నారు. ఒకసారి ఒక పద్దు తీసేస్తే మిగతావి నిలబడవు. పెయింటింగుకి రసీదు లేదు, నోటీసుకి ఆయన మెసేజే అడ్డం. కరెంటు బిల్లు పోను 26,360 మాదని తేలింది. అంతకు ముందు ఇచ్చిన 1,360 పోను 25,000 ఇచ్చారు. ఆయన నాకు క్షమాపణ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాకు కావాల్సింది ఆ పద్దు కొట్టివేత. అది కాగితం మీద ఉంది.

6. మీ దాకా వస్తే

బొజ్జా తారకం గారు ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అని పుస్తకం రాశారు. పెద్ద లాయరు, కవి, అయినా సామాన్యుడికి స్టేషన్‌లో పనికొచ్చే మాటలు సామాన్యుడి తెలుగులో రాశారు. ఓనరు అడ్వాన్సు ఆపేస్తే ఏం చెయ్యాలో కూడా అలా ఇంటింటికీ తెలియాలి. నాకు తెలిసినంత చెబుతాను.

ఒకటి. అడ్వాన్సు చేతికి ఇవ్వకండి. ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేసి ‘ఇంటి అడ్వాన్సు’ అని రాయండి. అగ్రిమెంటులో ఆ అంకె ఉండాలి. మామూలుగా పదకొండు నెలలకే రాస్తారు. పదకొండు నెలల కాగితం కూడా సాక్ష్యమే. దాచుకోండి.

రెండు. దిగే రోజున, ఖాళీ చేసే రోజున ప్రతి గది, బాత్రూము, మీటరు రీడింగు ఫోన్‌లో తియ్యండి. తాళాలిచ్చినట్టు ఒక మెసేజ్ పెట్టండి.

మూడు. పట్టుకున్న డబ్బుకి లెక్క కాగితం మీద అడగండి. నోటి లెక్క ఒప్పుకోకండి. “రసీదులు చూపించండి” అన్న మాట చాలా పద్దుల్ని అక్కడే చంపేస్తుంది.

నాలుగు. ఇచ్చింది తీసుకోండి, కానీ ‘పూర్తిగా ముట్టింది’ అని సంతకం పెట్టకండి.

ఐదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకీ మహిళలకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. లెక్చరరైనా, కూలీ అయినా సరే. కేసు వెయ్యకముందే అర్జీ పెట్టి రాజీకి పిలిపించొచ్చు, కోర్టు ఫీజు ఉండదు. లోక్ అదాలత్‌లో కుదిరిన అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అక్కడ కుదరకపోతే సివిల్ కోర్టు ఉంది. మూడేళ్లు దాటనివ్వకండి.

ఆరు. కులం పేరుతో ఇల్లు లేదన్నా, ఖాళీ చేయించినా, నలుగురిలో తిట్టినా అది డబ్బు తగాదా కాదు, నేరం. ఆ దారి వేరేగా ఉంది. డబ్బు దారిలో వెళ్లినంత మాత్రాన ఆ దారి మూసుకుపోదు.

కొండ నుంచి చదువుకోడానికి వచ్చిన పిల్లలకి ఒక మాట. నలుగురు కలిసి తలా రెండు వేలేసి అడ్వాన్సు కడతారు, పరీక్షలవగానే బస్సెక్కి వెళ్లిపోతారు, ఆ ఎనిమిది వేలు ఎవరూ అడగరు. మీ తాతలు తీసుకున్న అడ్వాన్సుకి షావుకారు కొండెక్కి వచ్చి మరీ వసూలు చేసుకున్నాడు. మీరు ఇచ్చిన అడ్వాన్సు కోసం ఒకసారి కొండ దిగి రావడం తప్పు కాదు. రండి, అర్జీ కలిసి రాద్దాం.

పాలేరు పుస్తకంలో మన పద్దు మనం చదవలేకపోయాం. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు చీటీ మన చేతిలోకి వస్తోంది, మనకి చదవడం వచ్చు. చదివి, తప్పు పద్దు కింద గీత పెట్టి వెనక్కి పంపడమే మిగిలింది.

వచ్చే భాగం: ప్రభుత్వ హాస్టళ్ల గదుల చరిత్ర.

జై భీమ్.